పీపీటీ ఏఐ చేస్తుంది, హెడ్డింగ్ మాత్రం మీరే రాయండి

 

ఈ మధ్య కామెంట్లలో ఎక్కువగా వస్తున్న ప్రశ్న ఒకటే. "అన్నా, ఒక్క క్లిక్‌తో పీపీటీ చేసే ఏఐ టూల్ ఏదో చెప్పన్నా, ఎల్లుండి సెమినార్ ఉంది." ఆఫీసులకు వెళ్లేవాళ్లయితే, "బ్రో, మండే రివ్యూకి డెక్ కావాలి, ఇప్పుడు సండే రాత్రి పదకొండైంది" అంటారు. సరే, టూల్స్ పేర్లు ముందే చెప్పేస్తా. పేర్లు మాత్రమే కావాలనుకునేవాళ్లు రాసుకుని వెళ్లిపోవచ్చు. కానీ ఎల్లుండి ప్యానెల్ ముందు నిలబడేది మీరే కదా, అందుకని మిగతాది కూడా వినండి.

మొదటిది గామా. టాపిక్ టైప్ చేస్తే ముందు ఒక అవుట్‌లైన్ ఇస్తుంది, మీరు ఓకే అన్నాక స్లైడ్లు తయారు చేస్తుంది. ఫోన్ బ్రౌజర్‌లోనే నడుస్తుంది, పీడీఎఫ్‌గానూ పవర్‌పాయింట్ ఫైల్‌గానూ దించుకోవచ్చు. ఫ్రీ అకౌంట్‌లో కొన్ని క్రెడిట్స్ ఇస్తారు, అవి అయిపోతే అంతే. రెండోది కాన్వా. డిజైన్ బాగుంటుంది, ఫోన్‌లో వేలితో జరుపుకుంటూ ఎడిట్ చేయడానికి ఇంతకంటే సుఖమైన యాప్ నాకు దొరకలేదు. గూగుల్ వాడేవాళ్లకి జెమినై ఉంది, ఆఫీసులో మైక్రోసాఫ్ట్ లైసెన్స్ ఉన్నవాళ్లకి పవర్‌పాయింట్ లోపలే కోపైలట్ ఉంటుంది. చాట్‌జీపీటీ అయితే స్లైడ్ల డిజైన్ కంటే లోపలి మ్యాటర్‌కి ఎక్కువ పనికొస్తుంది.

డబ్బుల సంగతి కూడా చెప్పాలి. 2025లో ఎయిర్‌టెల్ వాళ్లు పర్‌ప్లెక్సిటీ ప్రో, జియో వాళ్లు జెమినై ప్రో, ఓపెన్‌ఏఐ వాళ్లు చాట్‌జీపీటీ గో అని వరసపెట్టి మన దేశంలో ఫ్రీగా ఇచ్చారు. మీ నంబర్ మీద ఏదైనా ఆఫర్ ఇంకా ఉందేమో చూసుకోండి. అయితే ఫ్రీ అని చెప్పి యూపీఐ ఆటోపే పెట్టమంటే మాత్రం, ఏ తేదీ నుంచి డబ్బు కట్ అవుతుందో చదివి, ఆ తేదీకి రెండు రోజుల ముందు ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి.

ఇక్కడితో టూల్స్ అయిపోయాయి. ఇప్పుడు అసలు సంగతి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. మీరు సివిల్ ఫైనల్ ఇయర్. సెమినార్ టాపిక్ "హైదరాబాద్ వరదలు, మూసీ నది". గామా తెరిచి "మూసీ వరదల మీద పది స్లైడ్లు చెయ్" అన్నారు. నిమిషంలో వచ్చేస్తాయి, చూడటానికి కళ్లు చెదిరేలా ఉంటాయి. నీలం రంగు బ్యాక్‌గ్రౌండ్, నది ఫోటో, ఐకాన్లు. హెడ్డింగ్స్ ఏముంటాయో మీరు చూడకుండానే చెప్పొచ్చు. పరిచయం, చరిత్ర, కారణాలు, ప్రభావాలు, సవాళ్లు, పరిష్కారాలు, ముగింపు, థ్యాంక్యూ. కారణాల కింద "పట్టణీకరణ, ఆక్రమణలు, వాతావరణ మార్పు" అని ఉంటుంది. ఇప్పుడు మూసీ పేరు తీసేసి చెన్నై అడయార్ పేరు పెట్టండి. ఒక్క బుల్లెట్ మార్చక్కర్లేదు, అదే పీపీటీ దానికీ సరిపోతుంది! పైన పటారం, లోన లొటారం అంటే ఇదే.

క్లాసులో ఈ పీపీటీ పెట్టినప్పుడు వెనక బెంచీ వాళ్లకి బాగానే ఉంటుంది. కానీ ముందు వరసలో గైడ్ కూర్చుంటారు కదా. ఆయన డిజైన్ చూడరు. "బాబూ, మూడో స్లైడ్‌లో అంకె వేశావే, అది ఎక్కడిది?" అంటారు. అక్కడ నీళ్లు నమలాల్సి వస్తుంది. సెమినార్ అయితే నాలుగైదు మార్కులు పోతాయి, సరే. అదే అలవాటుతో రేపు క్యాంపస్ ఇంటర్వ్యూలో "మీ ప్రాజెక్ట్ రెండు నిమిషాల్లో చెప్పండి" అంటే? అక్కడ స్లైడ్ కూడా ఉండదు.

ఏఐ ఎందుకిలా చేస్తుందంటే, దానికి మీ గురించి, మీ కాలేజీ గురించి, మీ సార్ గురించి ఏమీ తెలియదు. అది చదివిన కోట్ల పేజీల్లో వరద అనే మాట తర్వాత మామూలుగా ఏం వస్తుందో దాన్నే రాస్తుంది. మామూలు ప్రశ్నకి మామూలు జవాబు. తప్పు దానిది కాదు. మనం అడిగిందే అంత.

హెడ్డింగ్ దగ్గరే నేను ఎందుకు పట్టుబడుతున్నానో చెప్పడానికి ఒక నిజమైన స్లైడ్ గురించి చెప్తాను. ఏఐ రాకముందు సంగతి ఇది.

2003 జనవరి 16న కొలంబియా స్పేస్ షటిల్ బయల్దేరింది. కల్పనా చావ్లాతో కలిపి ఏడుగురున్నారు. లేచిన 82 సెకన్లకి బయటి ట్యాంకు నుంచి ఒక ఫోమ్ ముక్క ఊడి ఎడమ రెక్కకి తగిలింది. అది వీడియోలో కనిపించింది కూడా. షటిల్ ఇంకా పైన తిరుగుతుండగానే, ఆ దెబ్బకి ప్రమాదం ఉందా లేదా అని బోయింగ్ ఇంజినీర్లు లెక్కలు వేసి, పవర్‌పాయింట్‌లో నాసా వాళ్లకి చూపించారు. అందులో ఒక స్లైడ్ హెడ్డింగ్ సారాంశం ఏమిటంటే, టైల్స్‌కి దెబ్బ విషయంలో టెస్ట్ డేటా మన లెక్కలు జాగ్రత్త వైపే ఉన్నాయని చెబుతోంది, అని. చదివితే మనసు కుదుటపడేలా ఉంది కదా? అదే స్లైడ్‌లో అట్టడుగున, బుల్లెట్ కింద బుల్లెట్ కింద బుల్లెట్‌గా ఒక లైను ఉంది. ఇప్పుడు ఊడిన ముక్క సుమారు 1920 ఘనపు అంగుళాలు ఉండొచ్చు, మన దగ్గరున్న టెస్ట్ 3 ఘనపు అంగుళాల ముక్కతో చేసింది, అని. అంటే 640 రెట్లు తేడా! ఆ టెస్ట్ ఈ సందర్భానికి పనికిరాదు అని చెప్పాల్సిన లైను అది. హెడ్డింగ్ ఒకటి చెప్పింది, అడుగున ఉన్న లైను దానికి రివర్స్ చెప్పింది. మీటింగుల్లో మనం చదివేది ఏది? హెడ్డింగే.

ఫిబ్రవరి 1న తిరిగి వస్తుండగా షటిల్ ముక్కలైపోయింది. ఏడుగురూ చనిపోయారు. స్లైడ్ వల్ల ప్రమాదం జరిగిందని నేను అనడం లేదు, ప్రమాదం ఫోమ్ దెబ్బ వల్ల జరిగింది. కానీ ఆ తర్వాత వేసిన విచారణ బోర్డు తన రిపోర్టులో ఈ స్లైడ్‌ని ప్రత్యేకంగా చూపించి, ఇంజినీరింగ్ విశ్లేషణని పేపర్‌గా రాయకుండా స్లైడ్లుగా ఇచ్చే అలవాటుని తప్పుపట్టింది. ఇంటర్నెట్‌లో ఆ రిపోర్టు ఉంది, ఇంజినీరింగ్ చదివే ప్రతి ఒక్కరూ కనీసం ఆ ఒక్క పేజీ చూడాలి.

ఆ స్లైడ్‌ని మనుషులే, కష్టపడి, గంటలు కూర్చుని చేశారు. ఇప్పుడు మన టూల్ అలాంటి ఆకారం ఉన్న స్లైడ్లని, ధీమాగా ఉండే హెడ్డింగ్, కింద ఐదు బుల్లెట్లు, నిమిషానికి పది చొప్పున ఇస్తోంది. ఏ లైను ముఖ్యమో దానికి తెలియదు. అది మీరే చెప్పాలి.

ఎలా చెప్పాలి? ఫోన్ పక్కన పెట్టండి. అవును, టెక్ ఛానల్‌లో ఈ మాట చెబుతున్నా. ఒక కాగితం, పావుగంట టైమ్. మీ పీపీటీ మొత్తం విన్నవాళ్లు ఇంటికి వెళ్లాక గుర్తుంచుకోవాల్సిన వాక్యం ఒక్కటి రాయండి. టాపిక్ పేరు కాదు, వాక్యం. క్రియ ఉండాలి. "మూసీ వరదలు" అనేది వాక్యం కాదు. "వరద ఆపడానికి కట్టిన జంట జలాశయాల్నే తాగునీటికీ నింపుకుంటున్నాం, చిక్కు అక్కడే ఉంది." ఇది వాక్యం. దీంతో ఎవరైనా గొడవపడొచ్చు, ప్రశ్న అడగొచ్చు. అదే కావాలి మనకి.

ఆ తర్వాత దాన్ని ఐదారు వాక్యాలుగా విడదీయండి. ఒక్కోటి ఒక్కో స్లైడ్ హెడ్డింగ్. 1908 సెప్టెంబరు 28న మూసీ హైదరాబాద్‌ని ముంచేసింది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య వచ్చి, ఊరికి పైనే నీటిని ఆపాలని సలహా ఇచ్చారు. 1920లో మూసీ మీద ఉస్మాన్ సాగర్, 1927లో దాని ఉపనది ఈసీ మీద హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. అవే ఊరికి తాగునీళ్లు కూడా ఇచ్చాయి. వరద ఆపాలంటే జలాశయంలో ఖాళీ ఉండాలి, దాహం తీర్చాలంటే నిండుగా ఉండాలి. రెండూ ఒకేసారి కుదరవు. 2025 సెప్టెంబరులో భారీ వర్షాలకి గేట్లెత్తి కిందికి నీళ్లు వదిలితే, ఎంజీబీఎస్ బస్టాండ్‌లోకి నీళ్లొచ్చాయి. కాబట్టి పైనుంచి ఎంత నీరు వస్తుందో ఎన్ని గంటల ముందు తెలిస్తే గేట్లు కొంచెం కొంచెంగా ఎత్తుకోవచ్చు? ఇదీ మీ ప్రాజెక్ట్ ప్రశ్న.

చూశారా, ఈ హెడ్డింగ్స్ ఒక్కటే వరసగా చదివినా కథ అర్థమవుతోంది. నేను ఎవరి పీపీటీ చూసినా మొదట చేసే పని ఇదే. బుల్లెట్లన్నీ చేత్తో కప్పేసి హెడ్డింగ్స్ మాత్రం చదువుతాను. కథ వస్తే పీపీటీ ఉన్నట్టు. మీరూ చేసి చూడండి, అర నిమిషం పని.

ఇప్పుడు ఫోన్ తీయండి. ప్రాంప్ట్ ఇలా ఉండొచ్చు, స్క్రీన్‌షాట్ తీసుకోండి: "నేను సివిల్ ఇంజినీరింగ్ ఫైనల్ ఇయర్ విద్యార్థిని. వినేది మా గైడ్, ఇద్దరు హైడ్రాలజీ ప్రొఫెసర్లు, అరవైమంది క్లాస్‌మేట్స్. నాకు ఎనిమిది నిమిషాల టైమ్ ఉంది. కింద ఆరు హెడ్డింగ్స్ ఇస్తున్నాను, వాటిని మార్చొద్దు. ఒక్కో హెడ్డింగ్ నిజమని చూపించడానికి ఒక బొమ్మ కావాలా, గ్రాఫ్ కావాలా, మ్యాప్ కావాలా చెప్పు. నేను ఇవ్వని అంకె ఏదీ నువ్వు వేయొద్దు, అంకె అవసరమైన చోట ఖాళీ వదిలి గుర్తు పెట్టు." ఆ చివరి లైను బంగారం. ఏఐకి ఖాళీ వదలడం చేతకాదు, అడిగితేనే వదులుతుంది. అడిగినా ఒక్కోసారి మాట వినదు, అందుకే వచ్చాక చూసుకోవాలి.

తెలుగులో అడగొచ్చా అని చాలామందికి డౌట్. నిక్షేపంగా అడగొచ్చు. తెలుగు, ఇంగ్లీషు కలిపి మనం మాట్లాడినట్టే మైక్ నొక్కి మాట్లాడండి, అర్థం చేసుకుంటుంది. ఇంగ్లీషు రాదని ఆగిపోయిన వాళ్లకి ఇది నిజంగా పెద్ద అవకాశం.

అంకెలు ఎక్కడ నుంచి తేవాలి? నోట్‌బుక్ ఎల్ఎమ్ అని గూగుల్ వాళ్లదే ఒకటుంది. మీ దగ్గరున్న పీడీఎఫ్‌లు, ప్రభుత్వ రిపోర్టులు, సార్ ఇచ్చిన నోట్స్ అందులో పడేయండి. మీరు ప్రశ్న అడిగితే వాటి ఆధారంగా జవాబిచ్చి, పక్కన చిన్న నంబర్ వేస్తుంది. నంబర్ నొక్కితే అది ఏ పేరాలోంచి తీసిందో చూపిస్తుంది. ఆ పేరా చదవకుండా మాత్రం అంకెని స్లైడ్ ఎక్కించకండి. 1908 మృతుల సంఖ్యే చూడండి, పదిహేను వేలని చాలాచోట్ల కనిపిస్తుంది, కానీ అన్నిచోట్లా ఒకేలా ఉండదు. అలాంటప్పుడు అంకె పక్కన అది ఏ పుస్తకంలోదో చిన్నగా రాసేయండి. సార్ అడిగేలోపే జవాబు అక్కడ ఉంటుంది.

పాత సమాచారంతో ఇంకో చిక్కు. ఈ జంట జలాశయాల చుట్టూ నిర్మాణాలు కట్టకూడదని 1996లో జీవో 111 వచ్చింది. ఇంటర్నెట్ నిండా దాని గురించే ఉంటుంది, కాబట్టి ఏఐ కూడా "జీవో 111 కాపాడుతోంది" అని ధీమాగా రాయొచ్చు. కానీ 2022లో ప్రభుత్వం జీవో 69 తెచ్చి ఆ ఆంక్షల్ని ఎత్తేస్తున్నట్టు చెప్పింది. మీ ప్యానెల్‌లో హైదరాబాద్ మనిషి ఒక్కరున్నా ఇది పట్టేసుకుంటారు. చట్టాలు, జీవోలు, ఫీజులు, పరీక్ష తేదీలు, ఇవి ఏఐ చెప్పిందని రాయడం ప్రమాదం.

కాలేజీ పిల్లలే ఇలా పట్టుబడతారనుకోకండి. 2025లో ఆస్ట్రేలియాలో డెలాయిట్ కంపెనీ ప్రభుత్వానికి ఇచ్చిన రిపోర్టులో అసలు లేని పరిశోధనల పేర్లు బయటపడ్డాయి. తయారీలో ఏఐ వాడామని తర్వాత చెప్పారు. 4 లక్షల 40 వేల ఆస్ట్రేలియా డాలర్ల పని అది, అందులో కొంత వెనక్కి కట్టడానికి ఒప్పుకున్నారు.

నా దృష్టిలో ఏఐ వల్ల అన్నిటికంటే పెద్ద లాభం స్లైడ్లు చేయించుకోవడం కాదు, ప్రశ్నలు అడిగించుకోవడం. దీన్ని చాలా తక్కువమంది వాడుతున్నారు. పీపీటీ అయ్యాక హెడ్డింగ్స్, మ్యాటర్ మొత్తం పెట్టి ఇలా అనండి: "నువ్వు ముప్పై ఏళ్ల అనుభవం ఉన్న హైడ్రాలజీ ప్రొఫెసర్‌వి. నన్ను పొగడొద్దు. ఒక్కో ప్రశ్న అడుగు, నా జవాబు వినాక ఎక్కడ బలహీనంగా ఉందో చెప్పి తర్వాతి ప్రశ్నకి వెళ్లు." వాయిస్ మోడ్ ఆన్ చేసి, హాస్టల్ టెర్రస్ మీద నడుస్తూ మాట్లాడండి. మొదటి రౌండ్‌లో తడబడతారు. "ఇన్‌ఫ్లో ఎలా కొలుస్తారు?" అంటే నోట మాట రాదు. పర్లేదు, అక్కడ సార్ లేరు, మార్కులు లేవు, నవ్వే ఫ్రెండ్స్ లేరు. మూడో రౌండ్‌కి మీ గొంతు మారుతుంది. ఇంట్లో ఎవరూ కాలేజీ చదవని పిల్లలు, సీనియర్ల గ్యాంగ్ లేని పిల్లలు, వీళ్లకి మాక్ వైవా పెట్టేవాళ్లు ఇంతకాలం ఎవరున్నారు? ఇప్పుడు జేబులో ఉంది. అది చెప్పిన కరెక్షన్ ప్రతిదీ కరెక్ట్ అని కాదు, కానీ ప్రశ్నలు మాత్రం చాలావరకు మంచివే అడుగుతుంది.

తెలుగులో పీపీటీ చేసేవాళ్లకి రెండు మాటలు. ఏఐతో బొమ్మ గీయించి అందులోనే తెలుగు అక్షరాలు రాయమంటే ఒత్తులు గోల గోల అయిపోతుంటాయి. బొమ్మ మాత్రం గీయించుకుని, అక్షరాలు కాన్వాలోనో గూగుల్ స్లైడ్స్‌లోనో మీరు టైప్ చేయండి. మండలి, రామభద్ర, నోటో సాన్స్ తెలుగు లాంటి ఫాంట్లు ఫ్రీగానే దొరుకుతాయి. డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లలో కొట్టించిన మ్యాటర్‌ని కాపీ చేసి ఏఐకి ఇస్తే దానికి పిచ్చి గీతల్లా కనిపిస్తుంది, ఎందుకంటే అది యూనికోడ్ కాదు. అలాంటప్పుడు కాగితం ఫోటో తీసి పెట్టండి, చాలావరకు చదువుతుంది. ఇంకోటి, మీ ఫోన్‌లో బాగున్న ఫైలు సెమినార్ హాల్ కంప్యూటర్‌లో తెరిస్తే ఫాంట్ లేక చెదిరిపోవచ్చు. పీడీఎఫ్ కాపీ ఒకటి మెయిల్‌లో, ఒకటి పెన్‌డ్రైవ్‌లో.

ఇక ఆఫీసు వాళ్లు. నేను సాఫ్ట్‌వేర్‌లో చేసినప్పుడు ఒక కంపెనీలో ప్రతి సోమవారం స్టేటస్ డెక్ ఉండేది, ఇరవై రెండు స్లైడ్లు. అందులో క్లయింట్ చూసేది ఒక్కటే, రెడ్‌లో ఉన్న ఐటమ్స్. మిగతా ఇరవై ఒకటి ఎందుకు చేస్తున్నామో ఎవరికీ తెలియదు. ఇప్పుడు ఏఐ వచ్చింది కదా అని ఆ ఇరవై రెండుని నలభై చేస్తే అది ప్రొడక్టివిటీనా? అమెజాన్‌లో జెఫ్ బెజోస్ 2004లోనే సీనియర్ మీటింగుల్లో పవర్‌పాయింట్ తీసేయించి, వాక్యాలతో రాసిన మెమో తెమ్మన్నారు. మీ మేనేజర్‌తో అలా అనమని చెప్పను, ఉద్యోగం మీది. కానీ ఏఐకి పాత డెక్ పెట్టే ముందు, "ఇందులో ఏ మూడు స్లైడ్లు చూసి నిర్ణయం తీసుకుంటారు?" అని మీ లీడ్‌ని ఒక్కసారి అడగండి. ఆదా అయ్యే టైమ్ అక్కడుంది.

డెక్ పెట్టే ముందు అన్నాను కాబట్టి, ఏది పెట్టాలో కూడా చెప్పాలి. 2023లో శాంసంగ్ ఉద్యోగులు కొందరు కంపెనీ సోర్స్ కోడ్ చాట్‌జీపీటీలో పెట్టేశారు, దాంతో కంపెనీ అలాంటి టూల్స్ వాడకాన్నే ఆపేసింది. మన కేంద్ర ఆర్థిక శాఖ కూడా 2025 మొదట్లో ఆఫీసు కంప్యూటర్లలో చాట్‌జీపీటీ, డీప్‌సీక్ లాంటివి వాడొద్దని ఉద్యోగులకి చెప్పింది. క్లయింట్ పేరు, జీతాలు, కోడ్, కస్టమర్ల ఫోన్ నంబర్లు, ఇవి మీ పర్సనల్ ఏఐ అకౌంట్‌లో అస్సలు పెట్టకండి. కంపెనీ ఇచ్చిన టూల్ ఉంటే దాంట్లోనే చేయండి. లేదంటే పేర్లు తీసేసి, అంకెలు మార్చి, ఆకారం మాత్రం చేయించుకుని, అసలు అంకెలు మీ లాప్‌టాప్‌లో నింపుకోండి. కొత్తగా చేరినవాళ్లు ఇది ముఖ్యంగా వినండి, ప్రొబేషన్‌లో ఉన్నప్పుడు ఇలాంటి విషయంలో రెండో ఛాన్స్ దొరకడం కష్టం.

సరే, వీడియో ఇప్పటికే పెద్దదైంది. ఎడిటింగ్‌లో నా తమ్ముడు తిడతాడు. మీరో పని చేయండి. కింద కామెంట్‌లో మీ సెమినార్ లేదా ప్రాజెక్ట్ టాపిక్ రాయండి, దాని పక్కనే ఒక్క వాక్యం, క్రియతో. టాపిక్ పేరు ఒక్కటే పెట్టిన కామెంట్లు తీసుకోను, ముందే చెబుతున్నా. వచ్చినవాటిలో మూడు తీసుకుని, వచ్చే ఎపిసోడ్‌లో కాగితం మీద హెడ్డింగ్స్ రాసి, గామాలో పెట్టి, చివర్లో ఏఐ ప్రొఫెసర్‌తో వైవా కూడా చేయిద్దాం. ఎల్లుండే సెమినార్ ఉన్నవాళ్లు అప్పటిదాకా ఆగకండి, కాగితం తీయండి. ఉంటా మరి, బై.